వెనక్కి తిప్పిన బండి

ఆడవాళ్ళని కూర్చోబెట్టడానికి మన భాషలో ఉన్న మాటల్లో అన్నిటికంటే పొట్టిది ‘చెప్పానా!’. దానికి వాదన అక్కర్లేదు, రుజువు అక్కర్లేదు. చదువు మధ్యలో మానేసిన అమ్మాయికి అదే మాట, కాపురం వదిలి వచ్చిన స్త్రీకి అదే మాట, ఎన్నికల్లో ఓడిపోయిన సర్పంచి అభ్యర్థికి అదే మాట. మగవాడు ఏ పనైనా సగంలో ఆపితే పరిస్థితులు కలిసి రాలేదంటారు. ఆడది ఆపితే పరిస్థితుల ఊసే రాదు. ఆడది కాబట్టి ఆపింది, అంతే!

2025 మే నెలలో నేను మోటారు సైకిలు మీద ఒంటరిగా తూర్పు కనుమల్లోకి బయలుదేరి, గాలివానల వల్ల ప్రయాణం సగంలో ఆపి తిరిగి వచ్చాను. వచ్చాక ఈ మాటని బంధువుల నోట విన్నాను, మా కాలేజీ స్టాఫ్ రూంలో విన్నాను, బండి బాగుచేయించడానికి వెళ్ళిన షెడ్డులో విన్నాను. వాటికి నేను అలవాటు పడ్డదాన్నే. కానీ స్త్రీల రచనల గురించి వేదికల మీద మాట్లాడే ఇద్దరు ముగ్గురు మిత్రులు కూడా అదే మాటని కాస్త మర్యాదగా, కాస్త జాలిగా అన్నప్పుడు మాత్రం ఊరుకోవాలనిపించలేదు. ఇది నా ఒక్కదాని ప్రయాణం గురించే అయితే ఈ వ్యాసం అవసరం లేదు. ఒక స్త్రీ వెనక్కి తిరిగితే దాన్ని ఎలా అర్థం చేసుకుంటున్నాం అన్నది మనందరి సమస్య.

ముందు జరిగింది చెప్తాను. నాకు 48 ఏళ్ళు. విశాఖపట్నంలో డిగ్రీ పిల్లలకి తెలుగు పాఠాలు చెప్తాను. పదేళ్ళుగా బండి నడుపుతున్నాను. నేను వేసుకున్న దారి ఇది: నర్సీపట్నం నుంచి లంబసింగి, చింతపల్లి, గూడెం కొత్తవీధి మీదుగా సీలేరు, అక్కడి నుంచి డొంకరాయి, మోతుగూడెం, చింతూరు, ఆ తర్వాత మారేడుమిల్లి ఘాటు దిగి రాజమహేంద్రవరం. నాలుగు రోజుల ప్రయాణం. ఎండాకాలంలో ఈ కొండల మీద వాన పుట్టే పద్ధతి తెలిసే బయలుదేరాను. పొద్దున ఆకాశం కడిగినట్టుంటుంది. ఎండ ఎక్కేకొద్దీ కొండవాలు కాగుతుంది, సముద్రం మీది తేమగాలి ఆ వాలు పట్టుకుని పైకి లేస్తుంది, మధ్యాహ్నం దాటేసరికి మబ్బు గోపురంలా నిలబడుతుంది. అందుకని తెల్లవారుజామున బయలుదేరడం, మధ్యాహ్నానికి ఏదో ఒక కప్పు కిందకి చేరడం అని నియమం పెట్టుకున్నాను. మొదటి రోజు సరిగ్గా అలాగే జరిగింది. చింతపల్లిలో అన్నం తిని చెయ్యి కడుక్కున్నాక గాని వాన మొదలవలేదు.

రెండో రోజు మబ్బు నా గడియారం చూడలేదు. గూడెం కొత్తవీధి దాటి ధారకొండ వైపు ఎక్కుతుంటే పదకొండు కాకుండానే ఉరిమింది. మెరుపు కనబడిన దగ్గర్నుంచి ఉరుము వినబడేదాకా లెక్కపెడితే, మూడు సెకన్లకి ఒక కిలోమీటరు దూరం. ముప్పై లెక్కపెట్టేలోపు ఉరుము వినబడిందంటే పిడుగు మన మీద పడగల దూరంలోనే ఉన్నట్టు. నేను మొదట ఇరవై నాలుగు లెక్కపెట్టాను. రెండు మలుపులు తిరిగేసరికి తొమ్మిది. తలుపులు మూసిన కారయితే దాని లోహపు ఒళ్ళు పిడుగుని బయటి నుంచే నేలకి దింపేస్తుంది. బండి మీద ఉన్నవాళ్ళకి ఆ కాపుదల లేదు. చెట్టు కిందకి పోవడం అంతకంటే ప్రమాదం. ఈ వైపు కాఫీ తోటలకి నీడ కోసం వేసిన సిల్వర్ ఓక్ చెట్లు గాలికి ఎంత సులువుగా పడతాయో 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను అప్పుడు విశాఖ మన్యమంతా చూసింది. ప్రభుత్వం వాళ్ళు పిడుగు హెచ్చరికలు ఫోనుకి పంపిస్తారు, నిజమే. సిగ్నల్ ఉన్నచోట అందుతాయి. అక్కడ లేదు.

తారు మీద ఎర్రమట్టి, ఆకులు కలిసి జారుతున్నాయి. ముందున్న మలుపు దగ్గర కల్వర్టు మీదుగా గెడ్డ పొంగి పోతోంది. దాదాపు 200 కిలోల బండిని ఆ వాలులో వెనక్కి తిప్పి, అంతకుముందు దాటి వచ్చిన గూడేనికి దిగాను. ఒక ఇంటివాళ్ళు వసారాలో చోటిచ్చారు. ఆ రాత్రంతా వాన. మూడో రోజు పొద్దున తెరిపి ఇచ్చింది. మళ్ళీ ఎక్కి చూశాను. దారికి అడ్డంగా చెట్టు పడి ఉంది. ఎదురుగా నడిచి వస్తున్నవాళ్ళు పైన మట్టి జారిందని చెప్పారు. పది గంటలకే మళ్ళీ మబ్బు కమ్మింది. బండి తిప్పాను. సీలేరు చూడకుండానే చింతపల్లి మీదుగా నర్సీపట్నం దిగిపోయాను.

ఇదీ జరిగింది. ఇందులో ఎక్కడ ఓడిపోయానో నాకు అర్థం కాలేదు. భయపడ్డావా అని అడిగారు. భయపడ్డాను. తొమ్మిది లెక్కపెట్టినప్పుడు భయపడని మనిషికి లెక్కలు రావని అర్థం. ఆ భయం నాకు ఒక వార్త చెప్పింది, నేను దాన్ని విని, చూసి, లెక్క వేసి నిర్ణయం తీసుకున్నాను. వంటింట్లో నూనె కాగిందో లేదో చెయ్యి దూరంగా పెట్టి చెప్పగలిగే తెలివిని మనం తెలివి అనం. అలాగే ఆడవాళ్ళు ప్రమాదాన్ని అంచనా వేసే తెలివికి కూడా తెలివి అనే పేరు లేదు. దానికి ‘పిరికితనం’ అని ఒకటీ, ‘ఆడబుద్ధి’ అని ఒకటీ రెండు పేర్లున్నాయి.

అదే తెలివి మగవాడు చూపిస్తే ఏమవుతుందో చరిత్రలో చూడండి. 1909 జనవరిలో ఎర్నెస్ట్ షాకిల్టన్ దక్షిణ ధ్రువానికి ఇంకా 180 కిలోమీటర్లు ఉందనగా వెనుదిరిగాడు. ముందుకు పోతే తిరిగి రావడానికి తిండి చాలదని లెక్క చూసుకున్నాడు. మంచి నిర్ణయం. ఆ ఏడాదే బ్రిటిష్ ప్రభుత్వం ఆయనకి ‘సర్’ బిరుదు ఇచ్చింది. ఈనాటికీ మేనేజిమెంటు తరగతుల్లో నాయకత్వానికి ఉదాహరణగా ఆయన పేరే చెప్తారు. చేరని ధ్రువానికి బిరుదు! నాకు ఆయన మీద ఫిర్యాదు లేదు. ఆ మర్యాద ఒక్కవైపే ఎందుకు ప్రవహిస్తుందన్నదే నా ప్రశ్న.

ఇప్పుడు ఆలిసన్ హార్‌గ్రీవ్స్ సంగతి చూద్దాం. ఈ బ్రిటిష్ పర్వతారోహకురాలు 1994లో ఎవరెస్టు మీద చాలా ఎత్తు దాకా వెళ్ళి, చలికి చేతులూ కాళ్ళూ దెబ్బతింటాయని తెలిసి వెనుదిరిగింది. 1995 మేలో మళ్ళీ వెళ్ళి, షెర్పాల సాయం గాని సిలిండరు ఆక్సిజను గాని లేకుండా శిఖరం చేరింది. అదే ఏడాది ఆగస్టు 13న కె2 శిఖరం ఎక్కి దిగుతుండగా పెనుగాలిలో చనిపోయింది. అప్పుడు పత్రికలు ఏం రాశాయి? ఇద్దరు పసిపిల్లల తల్లి కొండ ఎక్కడం ఏమిటని రాశాయి. అదే గాలిలో ఆమెతో పాటు మగవాళ్ళూ చనిపోయారు. వాళ్ళలో ఎవరికి పిల్లలున్నారో, ఎవరు తండ్రి బాధ్యత మరిచిపోయారో అని ఆమెని విచారించినట్టు పత్రికలు విచారించలేదు. ముందుకి వెళ్తే చెడ్డ తల్లి, వెనక్కి వస్తే చేతకానిది. మరి స్త్రీ కొండ మీద ఏం చెయ్యాలి? అసలు వెళ్ళకూడదు. ఈ వాదన అంతా చివరికి చేరేది అక్కడికే.

పోనీ, ఏ ఆటంకమూ లేకుండా పూర్తి చేస్తే ఒప్పుకుంటారా అంటే అదీ లేదు. 1916లో అగస్టా, ఆడిలిన్ వాన్ బ్యూరెన్ అనే అక్కచెల్లెళ్ళు రెండు మోటారు సైకిళ్ళ మీద అమెరికా ఖండాన్ని తూర్పు నుంచి పడమరకి దాటారు. సైన్యంలో వార్తలు మోసే పనికి స్త్రీలు కూడా పనికొస్తారని చూపించడం వాళ్ళ ఉద్దేశం. దారిలో మగవాళ్ళ బట్టలు వేసుకున్నారని పోలీసులు పట్టుకున్నారు కూడా. అయినా ప్రయాణం పూర్తి చేశారు. సైన్యం వాళ్ళని తీసుకోలేదు. అంటే పూర్తి చేసిన ప్రయాణం స్త్రీకి సాక్ష్యంగా చెల్లదు, ఆగిన ప్రయాణం మాత్రం ఆమెకి వ్యతిరేకంగా వెంటనే చెల్లుతుంది. ఈ కోర్టులో గెలవాలని మనం ఇంకెన్నాళ్ళు ప్రయత్నిద్దాం?

నాకు చెప్పిన బుద్ధుల్లో ఎక్కువ భాగం వాన గురించి కూడా కాదు. ‘ఆ అడవిలో ఒక్కదానివా?’ అని. అడవి స్త్రీకి ప్రమాదం, కొండవాళ్ళు ప్రమాదం, చీకటి ప్రమాదం. ఇవన్నీ మైదానం మనుషులు మైదానంలో కూర్చుని తయారుచేసిన భయాలు. నాకు ఆ రాత్రి చోటిచ్చినవాళ్ళు నా కులం అడగలేదు, మొగుడు ఎందుకు రాలేదని అడగలేదు. పొయ్యి దగ్గర నా తడిబట్టలు ఆరేశారు, వేడి అంబలి ఇచ్చారు. కొండల్లో స్త్రీకి ప్రమాదమే లేదని నేను అనను. అది ఎటు నుంచి వస్తుందో నిజం మాట్లాడుకుందామంటున్నాను. 2007 ఆగస్టు 20న వాకపల్లిలో 11 మంది కోందు ఆదివాసీ స్త్రీలు తమ మీద గ్రేహౌండ్స్ పోలీసులు సామూహిక అత్యాచారం చేశారని ఫిర్యాదు చేశారు. పదిహేనేళ్ళకి పైగా ఆ స్త్రీలు న్యాయం కోసం తిరిగారు. 2023 ఏప్రిల్‌లో విశాఖపట్నం ప్రత్యేక కోర్టు దర్యాప్తులోని లోపాలని ఎత్తి చూపుతూనే, నిందితులని నిర్దోషులుగా వదిలిపెట్టింది. ఆ స్త్రీలకి నష్టపరిహారం ఇవ్వాలని కూడా చెప్పింది. వాళ్ళు వేలెత్తి చూపిన భయం అడవిలో పుట్టింది కాదు, కింది నుంచి కొండెక్కి వచ్చింది. నాకు అడవి గురించి జాగ్రత్తలు చెప్పినవాళ్ళలో ఎంతమంది వాకపల్లి గురించి ఒక్క మాటైనా మాట్లాడారు? ‘రక్షణ’ అనే మాట మన దగ్గర స్త్రీలని ఇంట్లో ఉంచడానికి పనికొచ్చినంతగా, స్త్రీల మీద నేరం చేసినవాళ్ళని పట్టుకోవడానికి పనికి రావడం లేదు.

ఇక్కడ నా వాదన ఆగిపోతే అది మధ్యతరగతి స్త్రీ వాదనగానే మిగిలిపోతుంది. నేను ఎక్కిన ఆ దారి నా సరదా కోసం పుట్టింది కాదు. నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వెయ్యడానికి బ్రిటిష్ కాలంలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యం జనం చేత చాలీచాలని కూలికి చాకిరీ చేయించాడు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషను మీద పడింది. ఆ తిరుగుబాటుకి దారితీసిన కోపాల్లో ఈ రోడ్డు పని ఒకటి. నూరేళ్ళు గడిచాయి. 2022లో ఆయన పేరు మీద జిల్లా కూడా ఏర్పడింది. కానీ రోడ్డు వేసినవాళ్ళ వారసులున్న గూడేలు ఎన్నిటికో ఈనాటికీ రోడ్డు లేదు.

మన యాత్రా సాహిత్యానికి మొదటి పుస్తకం అని గౌరవంగా చెప్పుకునే కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో చెన్నపట్నం నుంచి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చాడు. ఆయన కూర్చున్నది పల్లకీలో. మోసింది బోయీలు. దారి పొడుగునా రాసుకున్నవాడు యాత్రికుడయ్యాడు, దారి పొడుగునా నడిచినవాళ్ళు బోయీలుగా మిగిలారు. ప్రయాణం ఎవరిది అన్న ప్రశ్న మన సాహిత్యంలో అక్కడే మొదలవుతుంది. ఈ మన్యంలో పల్లకీ బంధువు ఒకటి ఇంకా బతికి ఉంది. దాని పేరు డోలీ. ఒక కర్ర, దానికి కట్టిన ఒక దుప్పటి, అందులో నొప్పులు పడుతున్న చూలాలు. వానలో, బురదలో, గెడ్డలు దాటుకుంటూ కిలోమీటర్ల కొద్దీ ఆమెని మోసుకొచ్చి రోడ్డెక్కిస్తారు. అంబులెన్సు అక్కడ ఉంటే ఉన్నట్టు. పత్రికల్లో జిల్లా పేజీలో నాలుగు లైన్ల వార్త వస్తుంది. ఆమె ప్రయాణానికి సాహసం అని ఎవరూ పేరు పెట్టరు. నేను హెల్మెట్ పెట్టుకుని అదే కొండ ఎక్కితే సాహసం!

నాకు చోటిచ్చిన ఇంటి ఇల్లాలితో, వెనక్కి వెళ్ళిపోతున్నానని కొంచెం సంజాయిషీగా అన్నాను. ఆమె నా వైపు వింతగా చూసి, ‘గెడ్డ పొంగితే మేమూ ఆగిపోతాం గదమ్మా, దాంట్లో ఏటుంది’ అంది. ఆ మాటని నేను చాలా ఇష్టంగా మోసుకొచ్చాను. కానీ దాన్ని ఒక సూక్తిలా గోడకి తగిలించడం నాకిష్టం లేదు. ఎందుకంటే ఆమె ఆగిపోవడం, నేను ఆగిపోవడం ఒకటి కాదు. నేను ఆగితే సీలేరు చూడలేదు, అంతే. ఆమె ఆగితే సంతకి పోలేదు, పిల్లకి మందు రాలేదు. కూతురు నొప్పులు పడుతుంటే అసలు ఆగడానికే లేదు. గెడ్డ ఎంత పొంగినా డోలీ వెనక్కి తిరగదు, వెనక్కి తిరిగితే అక్కడ ఆస్పత్రి లేదు. వెనుదిరగడం నాకు అందుబాటులో ఉన్న హక్కు. ఆమెకి ఆ హక్కు లేకుండా చేసింది కొండా కాదు, వానా కాదు. వంతెన కట్టని ప్రభుత్వం.

అందుకే ‘చెప్పానా’ అన్నవాళ్ళకంటే నాకు మన మీదే ఎక్కువ కోపం వచ్చింది. ఒక పత్రిక వాళ్ళు మహిళా దినోత్సవం సంచికకి నా ఒంటరి ప్రయాణం గురించి రాయమని ముందే అడిగారు. మధ్యలో తిరిగొచ్చానని చెప్తే, ‘అయితే ఈసారి పూర్తి చేశాక రాయండి మేడం’ అన్నారు. అడిగింది స్త్రీ, ఆ పేజీలు నడిపేదీ స్త్రీలే. ఎక్కడ నేర్చుకున్నాం మనం ఇది? శిఖరం మీద జెండా పాతిన ఫోటో ఉంటేనే ప్రయాణం అనే పద్ధతి ఎవరిది? కొండని ‘జయించడం’ అనే మాట ఎవరి నోటి నుంచి వచ్చింది? దేశాలని జయించినవాళ్ళ నోటి నుంచే కదా! మనం పితృస్వామ్యం గురించి ఇన్నేళ్ళు రాసి, దాని కొలబద్దని మాత్రం భద్రంగా మన టేబులు సొరుగులో పెట్టుకున్నాం. ‘తొలి మహిళ’, ‘ఏకైక మహిళ’, ‘అతి పిన్న వయసు మహిళ’ అని లెక్కలు కడుతున్నాం. ఆ లెక్కలు కొంతకాలం అవసరమయ్యాయి, కాదనను. కానీ తొలి మహిళ కాని మహిళలందరూ ఆ లెక్కలో ఎక్కడికి పోతున్నారు?

మన జీవితాల్లో సగంలో ఆగినవే ఎక్కువ. పిల్లాడికి జ్వరం వచ్చి ఆగిన నవల, గైడు వేధింపు వల్ల ఆగిన పిహెచ్.డి., అత్తగారి మంచం పక్కన ఆగిన సంగీతం. ఇవేవీ వాన వల్ల ఆగినవి కావు. వీటిని ఆపినవాళ్ళున్నారు. నేను గాలివాన చూసి నా అంతట నేను ఆగడానికీ, ఒకరు బలవంతంగా ఆపడానికీ ఉన్న తేడా స్త్రీవాదులకి కూడా కనబడకపోతే ఇంకెవరికి కనబడుతుంది? ఈ రెంటినీ కలిపేసి, ఆగిన ప్రతిదానికీ ‘ఓటమి’ అని ఒకే చీటీ అతికించడం వల్ల లాభం ఆపినవాళ్ళకే. వాళ్ళ పేరు బయటికి రాదు. ఆగిన మనిషే తలొంచుకుంటుంది.

కాబట్టి నేను అడిగేవి రెండు. మొదటిది రాసేవాళ్ళని, అచ్చువేసేవాళ్ళని. పూర్తికాని ప్రయాణాలని కూడా రాద్దాం, వెయ్యండి. ఎక్కడ ఆగాం, ఎందుకు ఆగాం, ఆ నిర్ణయం మనదా, మన మీద రుద్దిందా అన్నది వివరంగా రాద్దాం. మబ్బు ఎన్ని గంటలకి లేచింది, ఏ కల్వర్టు మీద నీళ్ళు పారాయి, ఎవరి ఇంట్లో పడుకున్నాం, ఎవరు తిండి పెట్టారు అన్నవి రాద్దాం. నా తర్వాత ఆ దారిన వెళ్ళే అమ్మాయికి నా శిఖరం ఫోటో ఎందుకూ పనికిరాదు. నేను తొమ్మిది లెక్కపెట్టి బండి తిప్పానన్న సంగతి పనికొస్తుంది.

రెండోది మనందరం కలిసి ప్రభుత్వాన్ని అడగాల్సింది. కొండల్లోకి వెళ్ళి వచ్చిన ప్రతి రచయిత్రీ జలపాతాల గురించి, మంచు గురించి, వలిసె పూల గురించి రాస్తోంది. రాయండి, అవి అందంగానే ఉంటాయి. దానితో పాటు ఆ దారిలో తెగిన కల్వర్టు పేరు, రోడ్డు లేని గూడెం పేరు కూడా రాయండి. ఆ వ్యాసాన్ని మన పేజీల్లో వేసుకుని ఊరుకోకుండా పాడేరులో కలెక్టరు బల్ల మీదకి కూడా పంపండి. నాకు వెనుదిరిగే హక్కు కావాలి, దాని మీద ఎవరి తీర్పూ అక్కర్లేదు. నాకు అంబలి పోసిన ఇల్లాలికి కావలసింది గెడ్డ మీద వంతెన.